కోతలొచ్చాయి, ఇన్వర్టరు వచ్చింది, ఫ్యాను మాత్రం మారలేదు

2012, 2013 వేసవుల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనం కరెంటు ఉన్న గంటలు లెక్కపెట్టుకుంటూ బతికారు. కృష్ణా–గోదావరి (కేజీ) బేసిన్ డీ6 గ్యాస్ ఏటికేడాది తగ్గిపోవడంతో వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి వైపు కట్టిన గ్యాస్ ప్లాంట్లు చాలావరకు పడుకున్నాయి. వానలు సరిగా పడక శ్రీశైలం, సాగర్ జలవిద్యుత్తూ అంతంత మాత్రమే. పోనీ ఉత్తరాది నుంచి కొని తెచ్చుకుందామంటే దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకటిగా కలవలేదు. రెంటినీ కలిపే రాయచూరు–షోలాపూర్ లైను 2013 డిసెంబర్ 31న గానీ పని మొదలుపెట్టలేదు. పరిశ్రమలకు పవర్ హాలిడేలు, పట్నాలకు వేళ చెప్పి కోతలు, పల్లెలకు వేళాపాళా లేని కోతలు.

కరెంటు కరువైనప్పుడు జనం తక్కువ కరెంటు తినే సామాను కొంటారని పైనుంచి చూసేవాళ్ల అంచనా. బజారులో జరిగింది వేరు. ఎలక్ట్రికల్ షాపుల ముందు పేర్చి పెట్టినవి 150 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీలు, వాటి ట్రాలీలు, ఇన్వర్టర్లు. ఫ్యాను కొనడానికి వచ్చినవాళ్లు ధర అడిగారు, రంగు అడిగారు, వాట్లు మాత్రం అడగలేదు.

దీన్ని తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటు. కోతల రోజుల్లో ఇంటిని బాధపెట్టేది కరెంటు ధర కాదు, అసలది లేకపోవడం. 50 వాట్ల ఫ్యానైనా 75 వాట్ల ఫ్యానైనా సరఫరా పోతే ఒకేలా ఆగిపోతాయి. ఒక ఇల్లు కష్టపడి వంద వాట్లు మిగిల్చినా ఆ ఫీడరుకి, అంటే ఆ ప్రాంతమంతటికీ కరెంటు తెచ్చే లైనుకి, కోత ఒక్క నిమిషం తగ్గదు. మిగిల్చిన ఇంటికీ మిగల్చని ఇంటికీ ఒకేసారి పోతుంది, ఒకేసారి వస్తుంది. ఖర్చు ఒక ఇంటిది, ఫలం ఊరందరిది అయినప్పుడు ముందుకొచ్చేవాళ్లు తక్కువే ఉంటారు.

పొలాల దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. 2004లో ఉచిత విద్యుత్ ఇచ్చాక, మోటారుకి కెపాసిటరు, ఘర్షణ తక్కువ ఉండే ఫుట్‌వాల్వు, ఐఎస్ఐ పంపుసెట్టు, ఇనుప గొట్టాల బదులు ప్లాస్టిక్ పైపు ఉండాలని షరతులు పెట్టారు. కెపాసిటరు చేసే మేలు లైనుకి, ట్రాన్స్‌ఫార్మరుకి. మీటరే లేని రైతుకి దానివల్ల రూపాయి మిగలదు. అదే ఆటో స్టార్టరు అయితే, అర్ధరాత్రి త్రీఫేజ్ వచ్చినా లేచి పొలానికి పోనక్కర్లేకుండా మోటారును దానంతటదే ఆన్ చేస్తుంది. అందుకే కెపాసిటరు పెట్టమంటే పెట్టలేదు, ఆటో స్టార్టరు వద్దన్నా పెట్టారు. సరఫరా రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మరు కింద మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అయితే అది కాలిపోవడం ఎంతసేపు! తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు ఆ స్టార్టర్లు తీసేయండని ఊరూరా చెప్పుకోవాల్సి వచ్చింది.

పొలంలో ఆటో స్టార్టరు ఎలాంటిదో పట్నంలో ఇన్వర్టరు అలాంటిది. ఇన్వర్టరు కరెంటు పుట్టించదు, దాచి ఇస్తుంది, దాచినందుకు కూలి తీసుకుంటుంది. గోడ ప్లగ్గు నుంచి బ్యాటరీలోకి ఎక్కేటప్పుడు కొంత, బ్యాటరీ లోపలి రసాయన చర్యలో కొంత, మళ్లీ 230 వోల్టులుగా మారేటప్పుడు కొంత వేడిగా పోతుంది. మూడు చోట్లా కలిపితే లెడ్ యాసిడ్ బ్యాటరీతో చేతికొచ్చేది సుమారు అరవై శాతం. కోత సమయంలో ఒక యూనిట్ వాడుకుంటే, ఆ తర్వాత మీటరు మీద ఒకటిన్నర యూనిట్ల పైచిలుకు తిరుగుతుంది. పైగా కరెంటు రాగానే వీధిలోని బ్యాటరీలన్నీ ఒకేసారి ఛార్జింగ్‌కి దిగుతాయి. ఒక్కోటి 200 వాట్లు లాగుతుందనుకున్నా, యాభై ఇళ్లకి పది కిలోవాట్లు అదనపు భారం. లోటు ఉన్న గ్రిడ్ మీద లోటు పూడ్చుకునే సామానే ఇంకాస్త బరువు వేసిందన్నమాట.

కొనుగోలు జరిగే చోట ఈ లెక్క ఎవరికీ వినిపించదు. అక్కడి సంభాషణ నాలుగు మాటల్లో అయిపోతుంది.

“ఎన్ని ఫ్యాన్లు సార్?”

“మూడు. ట్యూబులు కూడా మూడు.”

“ఎన్ని గంటలు రావాలి?”

“ఐదు గంటలైనా రావాలి.”

“అయితే రెండు బ్యాటరీల ఇన్వర్టరు తీసుకోండి సార్, టెన్షన్ ఉండదు.”

ఇదే ప్రశ్నకి రెండో జవాబు ఉంది. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్-గంటలు. బ్యాటరీ పాడవకుండా ఎనభై శాతం దాకా వాడి, ఇన్వర్టరు నష్టం తీసేస్తే చేతికొచ్చేది 1200 దరిదాపుల్లో. మూడు మామూలు ఫ్యాన్లు 225 వాట్లు. చోకుతో కలిపి ఒక్కోటి 52 వాట్లు తినే పాత ట్యూబులు మూడు, అంటే 156. మొత్తం 381. బ్యాటరీ కొత్తదైనా మూడు గంటలు కష్టం. ఎందుకంటే ఎక్కువ కరెంటు ఒక్కసారిగా లాగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ తన పూర్తి సత్తువ ఇవ్వదు. 2012లోనే ఐదు నక్షత్రాల 50 వాట్ల ఫ్యాన్లు, 28 వాట్ల సన్నటి టీ5 ట్యూబులు దొరికేవి. అవి పెడితే లోడు 240కి దిగి అదే ఒక్క బ్యాటరీ ఐదు గంటలు వచ్చేది. బ్రష్‌లెస్ డీసీ మోటారుతో తిరిగే ఇప్పటి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు, 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులతో అయితే లోడు 150, బ్యాకప్ ఎనిమిది గంటలు. పొదుపు సామాను మీద ఇంటి పెద్దకి ఆసక్తి కలగాలంటే బిల్లు గురించి కాదు, బ్యాకప్ గంటల గురించి చెప్పాలి. రెండో బ్యాటరీ ఖర్చు తప్పుతుందంటే వినని మనిషి ఉండడు. కానీ బ్యాటరీ అమ్మే షాపుకి ఆ మాట చెప్పే అవసరం లేదు.

బ్యాటరీ గురించి ఇంకో సంగతి. పల్లెల్లో, చిన్న పట్నాల్లో కొన్నవి ఏడాదిన్నర, రెండేళ్లకే చతికిలపడితే కంపెనీ మోసమని తిట్టుకున్నారు. ఎక్కువ సందర్భాల్లో కారణం కోతల తీరే. ఖాళీ అయిన 150 ఏహెచ్ బ్యాటరీ నిండడానికి పది పన్నెండు గంటలు కావాలి. రెండు గంటలు వచ్చి మూడు గంటలు పోయే కరెంటుతో అది ఎప్పటికీ నిండదు. సగం ఆకలితో పడున్న బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి కూర్చుంటుంది, తర్వాత ఎంత ఛార్జి చేసినా కరగదు. దీనికి తోడు నీళ్ల నిర్లక్ష్యం. డిస్టిల్డ్ వాటర్ మట్టం రెండు మూడు నెలలకోసారి చూసి, పలకలు మునిగి గుర్తు దాకా వచ్చేలా పోయాలి. బోరు నీళ్లో, ఫిల్టరు నీళ్లో పోస్తే అందులోని లవణాలు పలకల్ని తింటాయి. గుర్తు దాటి పోసినా ఛార్జింగ్‌లో ఆమ్లం పొంగి టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. ఆ పొడిని వేణ్నీళ్లతో కడిగి, తుడిచి, వాజలీను రాయకపోతే అక్కడ కనెక్షన్ వేడెక్కి ఛార్జింగ్ ఇంకా తగ్గుతుంది.

జనం వెంటపడి మరీ తీసుకున్న పొదుపు వస్తువు ఒకటుంది, ఎల్ఈడీ బల్బు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, గుంటూరు, అనంతపురం జిల్లాల్లో పాత బల్బు తెచ్చిస్తే 7 వాట్ల ఎల్ఈడీ పది రూపాయలకు ఇచ్చారు, ఇంటికి రెండు చొప్పున. 2015 జనవరిలో దేశమంతా మొదలైన పథకానికి తర్వాత ఉజాలా అన్న పేరొచ్చింది. ఆ పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. టోకు కొనుగోలు ధర 2014లో 310 రూపాయలు, మూడేళ్లు తిరక్కుండానే 38కి పడింది. ధర సంగతి ఒప్పుకోవాల్సిందే. పల్లెల్లో దాన్ని నిలబెట్టింది మాత్రం వోల్టేజి. ట్రాన్స్‌ఫార్మరుకి దూరంగా, లైను చివర ఉన్న ఇళ్లకి సాయంత్రం 180 వోల్టులు వస్తే గొప్ప. ఫిలమెంటు బల్బుకి వోల్టేజి అంత తగ్గితే వెలుగు సగానికి పైగా పోతుంది, అందుకే 60 చాలే చోట 100 వాట్ల బల్బు పెట్టుకునేవాళ్లు. ట్యూబులైట్లు కొట్టుకుంటూ ఉండేవి. మంచి డ్రైవరు (లోపలి సర్క్యూటు) ఉన్న ఎల్ఈడీ ఆ వోల్టేజిలోనూ ఒకేలా వెలిగింది. వాట్లు తగ్గాయని కాదు, గుడ్డి వెలుతురు పోయిందని దాన్ని ఇష్టపడ్డారు.

ఎల్ఈడీ వచ్చాక “ఎల్ఈడీయే కదా” అంటూ వరండా లైటు తెల్లవార్లూ వదిలేస్తున్నారని పెద్దవాళ్ల కోపం. లెక్క వేస్తే అంత తిట్టాల్సిన తప్పు కాదు. 9 వాట్ల బల్బు రోజూ పది గంటలు వెలిగితే నెలకి 2.7 యూనిట్లు. పాత 60 వాట్ల బల్బు రెండు గంటలు వెలిగినా 3.6. ఇంట్లో లైటు ఆర్పలేదని పిల్లల్ని కేకలేసే చేత్తోనే స్నానాల గది గీజరు స్విచ్ పొద్దున్నించి రాత్రిదాకా వదిలేస్తారు. పాత గీజరు ఒక్క చెంబు నీళ్లు వాడకపోయినా లోపలి వేడి నిలబెట్టుకోవడానికే రోజుకి అర యూనిట్ నుంచి ఒక యూనిట్ దాకా తినగలదు. కంటికి కనిపించే వెలుతురు మీదున్న శ్రద్ధ, కనిపించని వేడి మీద ఉండదు.

ఫ్యాను విషయంలో అపనమ్మకం వేరే. వాట్లు తక్కువంటే గాలి తక్కువని అనుమానం. గాలి వాట్లలో ఉండదు. డబ్బా మీద నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలో రాసి ఉంటుంది. 1200 మిల్లీమీటర్ల ఫ్యానుకి 210 పైన ఉంటే చాలు. ఆ అంకెని వాట్లతో భాగిస్తే వచ్చేదే సర్వీస్ వాల్యూ. 75 వాట్ల ఫ్యానుకి అది మూడు కూడా రాదు, 32 వాట్లతో 220 ఇచ్చే బీఎల్‌డీసీకి ఏడుకి దగ్గర. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి నక్షత్రాల లేబుల్ తప్పనిసరి చేశారు కాబట్టి పోల్చుకోవడం ఇప్పుడు సులువు.

కొత్త ఫ్యాను బిగించే రోజే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఎలక్ట్రీషియన్ పాత వైర్లకే కలిపి, గోడ మీది రెగ్యులేటరు అలాగే ఉంచి వెళ్లిపోతాడు. బీఎల్‌డీసీ ఫ్యాను వేగాన్ని దాని లోపలి సర్క్యూటే చూసుకుంటుంది. ముందు రెగ్యులేటరు ఉంటే దానికి వచ్చే కరెంటు తరంగం చెదిరి, ఫ్యాను ఆగి ఆగి తిరుగుతుంది, కొన్నాళ్లకు సర్క్యూటే కాలిపోతుంది. రెగ్యులేటరు తీసేసి ఆ రెండు వైర్లు నేరుగా కలిపించాలి. పాత ఫ్యాను మెల్లగా తిరుగుతోందని మార్చేముందు దాని 2.5 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకసారి మార్చి చూడటం మంచిది. అది ఏళ్ల తరబడి వేడికి బలహీనపడితే ఫ్యాను వేగం పడిపోతుంది. చవకగా అయిపోయే పని.

అసలు ఫ్యాను మారుస్తారా లేదా అన్నది చివరికి బిల్లు స్లాబు, అంటే వాడకాన్ని బట్టి మారే రేటు మెట్టు తేలుస్తుంది. 75 వాట్ల బదులు 30 వాట్ల ఫ్యాను రోజుకి పన్నెండు గంటలు తిరిగితే నెలకి మిగిలేది 16 యూనిట్లు. ధరలో తేడా 1500 అనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి టారిఫ్ ప్రకారం 31 నుంచి 75 యూనిట్ల మధ్య యూనిట్ 3 రూపాయలు. అంటే నెలకి 48 రూపాయల మిగులు, పెట్టుబడి తిరిగి రావడానికి రెండున్నరేళ్లు. 226 నుంచి 400 మధ్య యూనిట్ 8.75, నెలకి 140 మిగులు, పదకొండు నెలల్లో వచ్చేస్తుంది. చేతిలో డబ్బున్న ఇంటికే పొదుపు త్వరగా గిడుతుంది, లేని ఇంటికి నిదానంగా.

తెలంగాణలో ఈ లెక్క ఇంకో మెలిక తిరుగుతుంది. అక్కడ 200 యూనిట్ల దాకా మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80, మొత్తం 820. అదే 201 అయితే మొదటి రెండు వందలకీ రేటు 5.10కి మారుతుంది, పై ఒక్క యూనిట్ 7.70. బిల్లు 1027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, ఇతర వడ్డనలు ఇందులో కలపలేదు. 2024లో వచ్చిన గృహజ్యోతి పథకంలో అర్హత ఉన్న ఇంటికి 200 దాకా సున్నా బిల్లు, దాటితే పూర్తి బిల్లు. కాబట్టి నెలకి 120 యూనిట్లు వాడే గృహజ్యోతి ఇంటికి ఆ ఫ్యాను ఎన్నటికీ గిట్టదు. 210 దగ్గర ఊగిసలాడే ఇంటికి ఒక్క ఫ్యాను మార్పు వెయ్యి రూపాయల పైచిలుకు బిల్లును సున్నా చేస్తుంది. ఆ ఇళ్లలో నెలాఖరుకి మీటరు రీడింగు చూసుకోవడం, ఇస్త్రీ వచ్చే నెలకి వాయిదా వేసుకోవడం మామూలైపోయింది. ఇది పొదుపే, కానీ గీత దాటకుండా ఉండే పొదుపు. గీతకి చాలా కింద ఉన్నవాళ్లని అది కదిలించదు.

సంక్షోభం ఖరీదు బిల్లులోకి ఆలస్యంగా రావడం ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్‌లో బొగ్గు కొరతతో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ పవర్ హాలిడేలు వచ్చాయి. కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర ఎగబాకి, 12 రూపాయలు దాటకుండా కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి కళ్లెం వేయాల్సి వచ్చింది. ఆ రేటు ఆ నెల ఇంటి బిల్లులో ఎక్కడా కనిపించలేదు. అలాంటి ఖర్చులు తర్వాతెప్పుడో ట్రూ అప్, సర్దుబాటు ఛార్జీ అన్న పేర్లతో దిగుతాయి. 2014–19 కాలపు ట్రూ అప్ వసూలు 2022 ఆగస్టులో మొదలైంది. ఎప్పుడో వాడిన యూనిట్లకి ఇప్పుడు డబ్బు కట్టమంటే కోపం వస్తుంది గానీ, స్విచ్ ఆపాలన్న ఆలోచన రాదు.

అద్దె ఇళ్ల సంగతి క్లుప్తంగా. ఫ్యాను, గీజరు ఇంటి ఓనరువి, బిల్లు అద్దెకున్నవాళ్లది. ఓనరుకి మార్చే అవసరం లేదు, అద్దెవాళ్లకి మార్చే మనసు రాదు. సబ్ మీటరు పెట్టి, స్లాబుతో సంబంధం లేకుండా యూనిట్‌కి ఇంతని వసూలు చేసే ఇళ్లలో ఎవరికి ఎంత మిగులుతుందో తేలదు.

ఇల్లు ఊరికే తినే కరెంటు ఎంతో తెలుసుకోవడానికి పరికరం కొనక్కర్లేదు, మీటరు చాలు. డిజిటల్ మీటరు మీద ఎర్ర చుక్క మెరుస్తుంటుంది, పక్కనే యూనిట్‌కి ఎన్ని మెరుపులో రాసి ఉంటుంది, 1600 అనో 3200 అనో. 3200 ఉన్న మీటరుకి రెండు మెరుపుల మధ్య సెకన్లు లెక్కపెట్టి, 1125ని దానితో భాగిస్తే వాట్లు వస్తాయి. పదిహేను సెకన్లకోసారి మెరిస్తే 75 వాట్లు. 1600 మీటరుకి 2250ని భాగించాలి. ఫ్రిజ్ ప్లగ్గు తీసి, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపి చూడాలి. అప్పటికీ మెరుస్తుంటే ఒక్కో ప్లగ్గూ తీస్తూ పోవాలి. మెయిన్ ఎంసీబీ దించాక కూడా మెరుస్తుంటే తప్పు మీటరులోనో, మీటరు తర్వాత ఎవరో కలుపుకున్న లైనులోనో ఉంది, విద్యుత్ ఆఫీసులో ఫిర్యాదు రాసివ్వాలి.

సాధారణంగా దొరికే దొంగలు రెండు. ఒకటి సెట్‌టాప్ బాక్సు. రిమోట్‌తో టీవీ ఆపినా అది పన్నెండు వాట్ల దాకా తింటూనే ఉంటుంది, నెలకి ఎనిమిదిన్నర యూనిట్లు. రెండోది, కోతల కాలంలో కొన్న ఇన్వర్టరే. కరెంటు పోవడం నెలకి గంట కూడా లేని చోట్ల కూడా అది నిండిన బ్యాటరీని నింపుతూనే ఉంటుంది. పాత ట్రాన్స్‌ఫార్మరు రకం 20 వాట్లు తింటే నెలకి 14 యూనిట్లు, దాదాపు ఒక ఫ్యాను మారిస్తే మిగిలేటంత. ఇన్వర్టరు ముందువైపు ఉన్న స్విచ్ ఆపితే సరిపోతుందనుకుంటారు. చాలా మోడళ్లలో అది బ్యాటరీ నుంచి ఇంటికి వెళ్లే కరెంటునే ఆపుతుంది, ఛార్జింగ్ ఆగదు. గోడ ప్లగ్గు ఆపితే ఇన్వర్టరు కరెంటు పోయిందనుకుని ఫ్యాన్లు, లైట్లను బ్యాటరీ మీద నడిపి దాన్ని ఖాళీ చేస్తుంది. రెండూ ఆపితే ఆ లైను మీదున్న గదులు చీకటి. అందుకే బోర్డులో గానీ, ఇన్వర్టరు వెనక గానీ బైపాస్ స్విచ్, అంటే ఇన్వర్టరును పక్కనబెట్టి ఇంటికి నేరుగా కరెంటు ఇచ్చే స్విచ్, ఉండాలి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోవచ్చు. బైపాస్ వేసి, ఇన్వర్టరు ముందువైపు స్విచ్ ఆపి, ఆ తర్వాత గోడ ప్లగ్గు ఆపాలి. బ్యాటరీ దానంతటదే కొంచెం కొంచెం దిగిపోతుంది కాబట్టి నెలకి ఒక పూట ఛార్జింగ్‌కి పెట్టి, నీళ్ల మట్టం చూసి మళ్లీ ఆపాలి. మబ్బులు కమ్ముతున్న రోజున ముందే పెట్టుకుంటే సరి.